ఎలుగుబంటి కొత్త ఇనపకర్ర

ఆ అడవి నడుమ పచ్చిక బయల్లో ఆటవిడుపు దొరికినప్పుడల్లా జంతువులు గోల్ఫ్ ఆడేవి. ఎలుగుబంటి కొట్టిన బంతి మాత్రం పడాల్సిన గుంట వైపు పోకుండా, పక్కనున్న రేగుపొదల్లోనే దూరేది.

ఒకనాడు నెమలి తళతళలాడే కొత్త ఇనపకర్ర తెచ్చింది. "దీంతో కొడితే బంతి ఎంత దూరం పోతుందో! నీ తేనెపట్టు ఇచ్చి తీసుకో," అంది.

అది వానాకాలానికి దాచుకున్న తేనె. అయినా ఎలుగుబంటికి మనసు లాగింది. నిజంగా అంత దూరం పోతుందా?

"ముందు కొట్టి చూడు మావా," అంది దాని బంతులు వెతికిపెట్టే ఉడుత.

ఎలుగుబంటి బలమంతా పెట్టి కొట్టింది. బంతి రేగుపొదల్ని దాటి ఎగిరిపోయింది. నెమలి సంబరంగా పురి విప్పింది. బంతికోసం వెళ్ళిన ఉడుత ఎంతసేపటికో ఒళ్ళంతా పల్లేరుకాయలతో తిరిగొచ్చింది.

"కర్ర మంచిదే మావా. పొదల్లో పోయే బంతి ఇప్పుడు పొదల అవతల ముళ్ళడొంకలో పోయింది. ఎటు పోతుందో చూడాలన్న ఆత్రంలో, కర్ర బంతికి తగలకముందే నువ్వు తలెత్తేస్తున్నావు."

ఎలుగుబంటి కొత్త కర్ర నెమలికిచ్చేసి, తుప్పు పట్టిన తన పాత కర్ర అందుకుంది. చూపు బంతి మీదే నిలిపి కొట్టింది. నెమలి చప్పుడు చేయకుండా పురి ముడిచేసింది.

"ఎక్కడ పడిందిరా అల్లుడూ?" అనడిగింది ఎలుగుబంటి, ఇంకా గడ్డినే చూస్తూ.

"గుంట పక్కనే మావా. ఇక తలెత్తొచ్చు."