మడుగు దగ్గర మొదటి పాఠం

ఏ మందకు ఏ మందతో ఎలా పొసగుతుందో పిల్ల జంతువులకు నేర్పే పని ముసలి తీతువుది. మొదటిరోజే శిష్యులను మడుగు దగ్గరికి తీసుకెళ్లింది. ఆ వేసవిలో అడవి మొత్తానికి అదొక్కటే ఎండకుండా మిగిలింది. ఏనుగులు నీళ్లకు వస్తుంటే అడవిదున్నలు కొమ్ములు వంచి అడ్డం నిలబడ్డాయి.

“ఏనుగులకే బలమెక్కువ. అవే గెలుస్తాయి,” అంది కుందేలు పిల్ల.

తీతువు ఎగిరి, దున్నల పెద్ద ముందు వాలింది. “ఎందుకమ్మా అడ్డం నిలబడ్డారు?” అని అడిగింది.

“దూడలు నిన్ననే పుట్టాయి, ఇంకా నిలబడలేవు. ఏనుగులు తొక్కేస్తాయేమోనని భయం.”

తీతువు ఆ మాట ఏనుగులకు చేరవేసింది. పెద్ద ఏనుగు దూడలవైపు కాసేపు చూసి, తన మందను అవతలి గట్టుకు మళ్లించింది. అన్నీ కడుపునిండా తాగాయి.

కుందేలు పిల్ల గురువువైపు కళ్లప్పగించి చూసింది. “దున్నలు భయపడుతున్నాయని మీకెలా తెలిసింది?”

“తెలియదమ్మా. అందుకే అడిగాను.”