రెండు గీతల లిపి

సంతకం పెట్టే ముందు తల్లి ఆ కాగితాన్ని మూడోసారి చదివింది. ఆమె చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. అయినా ‘నీటి అడుగున ఏ ప్రమాదం జరిగినా ఎవరిదీ బాధ్యత కాదు’ అన్న మాట అర్థం కావడానికి అంతకన్నా చదువు అక్కర్లేదు.

“ఏ ప్రమాదం జరిగినా అంటే?” అని అడిగింది.

“అందరి దగ్గరా రాయించుకునేదేనమ్మా,” అన్నాడు బల్ల అవతలి గడ్డపాయన. “ఏదో మాటవరసకి.”

మాటవరసకైతే నోటితో చెబితే పోయేదిగా, కాగితమెందుకు అనుకుంది తల్లి.

కూతురు ఆయన్ని సార్ అంటుంది. వేల ఏళ్ళ కిందట మనకన్నా తెలివైన మనుషులు బతికారని, కరెంటు వాళ్ళకి కొత్తేం కాదని, ఏదో జలప్రళయంలో అంతా మునిగిపోయిందని ఆయన ఊరూరా ఉపన్యాసాలు ఇస్తాడు. జనం చెవిలో పువ్వులు పెడుతున్నాడని తల్లికి మొదటిరోజే అనుమానం వచ్చింది. కానీ ఆమె అనుమానాలకి ఇంట్లో విలువ ఎక్కడిది? గ్యాసు వాసన వస్తోందని వారానికి రెండుసార్లు మెకానిక్‌ను పిలిపించే మనిషి. కూతురు పది నిమిషాలు ఆలస్యమైతే ఆసుపత్రులకి ఫోన్లు చేసే మనిషి. తండ్రి లేని పిల్ల. తను పనిచేసే ఫ్యాక్టరీ మూతబడ్డాక కుట్టుమిషను తొక్కి పెంచింది. ఆ భయం ఆమెతోనే పోవాలి.

ఈసారి భయానికి కారణం లేకపోలేదు. కూతురు లైబ్రరీ ఉద్యోగానికి రాజీనామా రాసి సంచిలో పెట్టుకుంది. సోమవారం ఈయన వెంట వెళ్ళి, వీపుకి గాలి సిలిండరు కట్టుకుని, ఒక పెద్ద సరస్సు అడుగున మునిగిపోయిన నగరాన్ని వెతుకుతుందట. పిల్ల ఈత నేర్చుకుని మూడు నెలలు కాలేదు. ఇంట్లోవాళ్ళ సంతకం లేనిదే పడవ ఎక్కనివ్వరని తల్లిని ఇక్కడికి లాక్కొచ్చింది.

ఇదంతా ఒక బిళ్ళ తెచ్చిన తంటా. ఆ బిళ్ళ మీద లిపి ఉంది, ఆ లిపిని కూతురు చదివింది. ఇంటికి మాత్రం కాగితాల మీద ఎత్తి రాసుకున్న గీతలే వచ్చేవి. బిళ్ళను సార్ గడప దాటనిచ్చేవాడు కాదు.

“సంతకం పెడతాను. ముందు దాన్ని నా కళ్ళతో చూడాలి,” అంది తల్లి.

గడ్డపాయన కాస్త తటపటాయించి బీరువా తాళం తీశాడు. లోపల ఇంకో పెట్టె, దానికో తాళం. దాచాల్సింది లేకపోతే ఇన్ని తాళాలెందుకని తల్లి ఆయన చేతులనే చూస్తూ కూర్చుంది. గుడ్డ మడతల్లోంచి అరచేతిలో ఇమిడే గుండ్రటి బిళ్ళ బయటికొచ్చింది. ఒళ్ళంతా మట్టిమరకలు. అంచు చిట్లిన చోట మాత్రం తెల్లగా మెరుస్తోంది. మధ్యలో ఏడు రంధ్రాలు.

“పదమూడు వందల డిగ్రీల దగ్గర కాలిందని ల్యాబువాళ్ళే చెప్పారు,” అన్నాడాయన. “కట్టెల పొయ్యితో వచ్చే వేడి కాదమ్మా అది.”

“వయసు కూడా వాళ్ళే చెప్పారా?”

“అది మట్టి పొరను బట్టి మేం లెక్కకట్టుకున్నాం.”

తల్లికి కావలసింది అదే. ఎక్కడ దొరికిందని అడిగింది. రైలు కట్ట అవతల అపార్ట్‌మెంట్లకి పునాదులు తవ్వుతుంటే పెంకులు, బూడిద నిండిన పొరలో పదిహేను అడుగుల లోతున దొరికిందట. ఆయన బిళ్ళను తిరగేసి, వెనకవైపు బొటనవేలు నొక్కిన గుంట చూపించాడు. అది మన వేళ్ళకన్నా చిన్నది కాబట్టి వాళ్ళది వేరే మనుష్యజాతి అయి ఉంటుందన్నాడు.

తల్లి అడక్కుండానే తన బొటనవేలు అందులో పెట్టింది. నిజమే, కొద్దిలో పట్టలేదు. ఆమె ముఖంలో రంగు మారింది. అమ్మకి ఇన్నాళ్ళకి నమ్మకం కుదిరిందనుకుని కూతురు హుషారుగా కుర్చీ దగ్గరికి జరిగింది.

అంచు చుట్టూ ఉన్న అక్షరాలని వేలితో చూపిస్తూ చెప్పుకుపోయింది. అన్నీ జంట గీతలే, ఎక్కడా మూడో గీత లేదు. ఉలితో చెక్కినవి కావు, నొక్కినవి. వాలుగా ఉన్న జంట అంటే నీరు. నిటారుగా ఉన్న జంట అంటే వాకిలి. నీటి కింద వాకిలి. ఇంత చదవడానికి పదకొండు నెలలు పట్టింది.

“ఎందరో పెద్దవాళ్ళకి చూపించానమ్మా, ఎవరి వల్లా కాలేదు,” అన్నాడు గడ్డపాయన మెచ్చుకోలుగా. “మీ అమ్మాయికి మాత్రం సొంత చేతిరాతలా పట్టుబడిపోయింది.”

తల్లి మంచినీళ్ళు అడిగి తాగింది. గ్లాసు కింద పెట్టి కూతురి వైపు చూసింది. పిల్ల ముఖంలో అంత వెలుగు ఆమె ఎన్నడూ చూడలేదు. ఒక్క మాటతో అది ఆరిపోతుంది. నోరు మూసుకుంటే సోమవారం వస్తుంది.

“పెట్టమ్మా, ఇంకా ఏం ఆలోచన?” కూతురు పెన్ను అందించి, దాని మూతను మాత్రం నోట్లో పెట్టుకుని నములుతోంది. తల్లి అలవాటు కొద్దీ ఆ మూతను లాగేసి పెన్నుకి బిగించింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది.

“మట్టి కాలితే కుంచించుకుపోతుంది సార్, నొక్కిన వేలి గుంటతో సహా,” అంది నెమ్మదిగా. తర్వాత కూతురి వైపు తిరిగింది.

“కట్ట అవతల మా పింగాణీ బట్టీలో కాల్చకముందు, పచ్చిగా ఉన్న ఆ బిళ్ళని నా ఒళ్ళో కూర్చుని నువ్వు కొరికిననాటికి, నీకు రెండే పళ్ళు తల్లీ.”