గుండీల కొట్టుకు ఫోను

“నోట్లో ఏం పెట్టుకుని మాట్లాడుతున్నావ్?” అని విసుక్కుని అవతలివాళ్లు ఫోను పెట్టేశారు.

పాప మొహం చిన్నబోయింది.

“ఇలా ఇవ్వు, నేనడుగుతా,” అంది తల్లి.

“వ...వద్దమ్మా, మా మా...”

“మాటల టీచరు నిన్నే అడగమంది, అంతేగా?”

పాప తల దించుకుంది. ఆ మాటా అమ్మే పూర్తి చేసేసింది.

స్పీచ్ థెరపీ గదిలో ఆ టీచరు ప్రతి వారం చెప్పేది అదే. “తడబడితే తడబడనివ్వండి. మీరు మాట అందించకండి. రోజూ సాయంత్రం ముక్కూమొహం తెలియనివాళ్లకి ఒక్క ఫోను చేయించండి. ఏదో ఒక కొట్టుకి. అడగాల్సింది మాత్రం పాపే.”

చెప్పినంత తేలిక కాదది. పాప ఒక్కో అక్షరం దగ్గర ఆగినప్పుడల్లా తల్లి ప్రాణం గిలగిల్లాడేది.

మర్నాడు గుండీలు, లేసులు అమ్మే కొట్టుకు చేశారు.

“మీ ద...దగ్గర నీ...నీ...” పాప మాట అక్కడే ఆగిపోయింది.

ఇక పెట్టేస్తారు అనుకుంది తల్లి.

పెట్టేయలేదు. ‘ఊఁ, తొందరగా’ అనలేదు.

“...నీలం గుండీలు ఉన్నాయా?”

కాసేపటికి ఓ పెద్దాయన గొంతు పలికింది. “ఉన్నాయి... తల్లీ.”

పాప ఎగిరి గంతేసింది. “అమ్మా, వి...విన్నారు! మొత్తం విన్నారు!”

అది మొదలు పాపకు ఇంకో కొట్టు పనికిరాలేదు. ఓ రోజు ముత్యాల గుండీలు, ఓ రోజు ఏనుగుబొమ్మ గుండీలు. ఏది అడిగినా అటునుంచి ముందు నిశ్శబ్దం, తర్వాత ఒకటో రెండో మాటలు.

బేరాల్లేని కొట్టు, బద్ధకం మనిషి అనుకుంది తల్లి.

ఓ సాయంత్రం పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. పాప అడగడం ఎప్పుడో అయింది. ఆయనే ఎంతకీ పలకడు.

తల్లి ఫోను లాక్కుంది. “ఉందో లేదో చెప్పడానికి ఇంతసేపా? నోరు పెగలదా మీకు?”

అవతల ఊపిరి తీసుకున్న చప్పుడు తప్ప ఇంకేం వినిపించలేదు.

పాప మళ్లీ ఫోను అందుకుంది. “నేను ఆ...ఆగుతాను తాతగారూ. మీరు మెల్లగా చెప్పండి.”

స్కూలు వార్షికోత్సవం వచ్చింది. అతిథులకు స్వాగతం తనే చెప్తానని పాప పట్టుబట్టింది. రిహార్సల్సులో పడి చాన్నాళ్లు గుండీల కొట్టుకు ఫోను కుదరలేదు.

వేదిక మీద మొదటి మాటకే ఆగిపోయింది.

ముందు వరసలో తల్లి పెదాలు కదలబోయాయి. గట్టిగా బిగించుకుంది.

పాప ఊపిరి తీసుకుంది. తొణకలేదు. తడబడుతూనే చివరిదాకా తనే చెప్పింది.

హాలంతా చప్పట్లు. తల్లికి ఒళ్లు పులకరించింది. ‘నా కూతురు’ అని పక్కనున్న ప్రతివాళ్లకీ చెప్పుకుంది.

“తా...తాతగారికి నేరుగా వెళ్లి చెప్పాలి,” అంది పాప.

కొట్టులో ఒక పెద్దావిడ లేసు కత్తిరిస్తోంది.

“ఫోనులో మాట్లాడే పెద్దాయన లేరాండీ?” అడిగింది తల్లి.

“మావారు పోయిన నెల పోయారమ్మా.”

పాప ముందుకు జరిగింది. “నేను గు...గు...”

ఆవిడ కత్తెర పక్కన పెట్టి, అలవాటున్న మనిషిలా ఆగింది.

“...గుండీలడిగే పాపని.”

“నువ్వేనా!” ఆవిడ మొహం వెలిగిపోయింది.

“ఓసారి ఆయన్ని మాటన్నానండీ...” తల్లి నీళ్లు నమిలింది.

“అదీ చెప్పారులే. ‘నేను ఆగుతానంది ఆ పిల్ల, ఇన్నాళ్లలో నాతో ఆ మాట ఎవరన్నారే?’ అని ఒకటే మురిసిపోయారు.”

ఆవిడ పాప గడ్డం పట్టుకుంది.

“మొదటిరోజు నేను లేక ఆయనే ఎత్తాల్సొచ్చింది. నత్తి అని నలుగురూ నవ్వుతారని జన్మలో ఫోను ముట్టని మనిషి, ఆ మర్నాటి నుంచి సాయంత్రమయ్యేసరికి నన్ను పక్కకు జరిపి, దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవారు తల్లీ!”