తలుపు లోపలి గీతలు

"కుక్క గీరింది," అన్నాడు కారు తెచ్చినవాడు. "రేపు నా పెళ్లి. సాయంత్రానికల్లా ఈ గీతలు పోవాలి."

డ్రైవరు పక్క సీటు తలుపు. దాని లోపలివైపు నల్లటి ప్లాస్టిక్ మీద, హ్యాండిల్ చుట్టూ, వెంట్రుకవాసి గీతలు. షెడ్డు యజమాని చూసి తలూపాడు. వెనక గదివైపు తిరిగి పిలిచాడు.

"పాలిషమ్మా, ఓసారి ఇలా రా. ఎంతసేపవుతుందో సారుకి చెప్పు."

ఆమె రాలేదు. తలుపు సందులోంచి, తొడుగు వేసుకున్న రెండు వేళ్లు మాత్రం కనబడ్డాయి.

"రెండు గంటలట సార్. మనుషులంటే సిగ్గు మా పాలిషమ్మకి. కార్లతోనే కాపురం."

అతను నవ్వి, టీ తాగి వస్తానని వెళ్లాడు. కారు వెనక గదిలోకి చేరింది.

ప్రతి గీతకూ ఒక నడక ఉంటుంది. తాళంచెవిది ఒక నడక, ఉంగరానిది ఒక నడక. కుక్క పైనుంచి కిందికి గీరుతుంది. ఇవి అడ్డంగా, నాలుగేసి చొప్పున, హ్యాండిల్ వైపే పరుగెత్తాయి.

"అన్నా, ఇవి మనిషి గోళ్లు," అంది ఆమె.

"అయితే?"

"రేపు ఈ సీట్లో ఓ పిల్ల కూర్చుంటుంది."

"కూర్చోనీ. మన పని గీతలు తీయడం తల్లీ, జాతకాలు చూడడం కాదు."

ఆమె వేడిగాలి గన్ను అందుకుంది. దగ్గరైతే ప్లాస్టిక్ కరుగుతుంది, దూరమైతే గీత కదలదు. జానెడు ఎడంలో గాలి ఆడించింది. ఒక్కొక్క గీతా మెత్తబడి, సర్దుకుని, నలుపులో నలుపై మాయమైంది.

ఒక్కటి మాత్రం వదిలేసింది. హ్యాండిల్ పట్టుకుంటే బొటనవేలికి తగిలే గీత. ఆ పిల్ల చూస్తుందో లేదో. చూసినా, చదవగలదో లేదో.

యజమాని వచ్చి టార్చి ఏటవాలుగా వేశాడు.

"ఇదేంటి, ఇక్కడొకటి మిగిలిపోయిందే."

"లోతుగా దిగిందన్నా. పోదు."

"నీ చేతిలో పోని గీతా? ఎవరి చెవిలో పెడతావమ్మా పువ్వు," అంటూ తానే గన్ను తీసుకున్నాడు. ఆమె చెయ్యి అతని మణికట్టు దాకా వెళ్లి, ఆగిపోయింది. కన్ను మూసి తెరిచేలోగా ఆ ఒక్కటీ పోయింది.

కారును యజమానే ముందుకు తెచ్చి నిలబెట్టాడు. పెళ్లికొడుకు తలుపు తెరిచి, ప్లాస్టిక్ మీద అరచెయ్యి ఆన్చి నిమిరాడు.

"భలే చేశారు. ఈ సీట్లో ఇంతవరకూ ఎవరూ కూర్చోనట్టే ఉంది."

కారు కదిలి, వీధి మలుపు తిరిగింది.

ఆ ఇంజను చప్పుడు పూర్తిగా అణగిపోయేదాకా వెనక గదిలో గోడకు ఆనుకుని, ఊపిరి బిగబట్టి నిలబడింది, మూడేళ్ల కిందట అదే కారులో, తెరుచుకోని అదే తలుపును గోళ్లతో గీరిన అతని మొదటి భార్య.