పన్నెండో గ్లాసు

“పన్నెండో ట్యాంకుని చంపింది మీరే! మీరూ, మీ బావమరిదీ కలిసి చంపారు!”

మాస్టరమ్మ అరిచిన అరుపుకి పబ్బు యజమాని చేతిలోని తాళాల గుత్తి కిందపడింది. పదహారేళ్లుగా ఆ పబ్బులో బీరు కాస్తున్న మనిషి ఆమె. ఆమె కాచిన బీరు తాగి పాడినవాళ్లున్నారు, ఏడ్చినవాళ్లున్నారు, బాగాలేదన్నవాళ్లు మాత్రం లేరు.

“నెమ్మది, నెమ్మది. ఇప్పుడేమైందని?”

“ఏమైందా? ఆదివారం సెలవని చల్లబరిచే మిషను ఆపేసి పోయారు. బీరేమన్నా మీ ఆఫీసులో ఫ్యానా, మనిషి లేకపోతే ఆపెయ్యడానికి? పదకొండు రకాలు ముందే పీపాలకెత్తి పక్క గదిలో పెట్టాను కాబట్టి బతికిపోయాయి. పన్నెండోది అప్పటికింకా ట్యాంకులో పులుస్తోంది. ఉడికి చచ్చింది. మూత తీస్తే తడిగుడ్డ కంపు!”

మిషను ఆపించింది యజమాని బావమరిది. తలుపు మీద మేనేజరని రాయించుకున్నాడు. బీరు ఎలా పుడుతుందో అతనికి తెలీదు, కరెంటు బిల్లు ఎలా పుడుతుందో మాత్రం తెలుసు. ఇలాంటివాళ్లకే కుర్చీలు. చెమట కార్చేవాళ్లకి వెనక గది.

“ఆ కథలు నాకు చెప్పకు,” అన్నాడు యజమాని. “బయట పన్నెండు రకాలని బోర్డు పెట్టాం. నాలుగింటికి రుచి చూసే పెద్దలు ఐదుగురు వస్తున్నారు. వాళ్లు మెచ్చితే ఈ ఎండాకాలమంతా ఊళ్లో హోటళ్లన్నిటికీ మన బీరే. పన్నెండు రకాలూ బల్ల మీదికి రాకపోతే రేపట్నించి నువ్వు పనిలోకి రానక్కర్లేదు.”

“మరి మిషను ఆపినాయన?”

“వాడు మా ఇంటి మనిషి.”

“నేను గాలికి కొట్టుకొచ్చానా?”

యజమాని కిందపడ్డ తాళాలు తీసుకుని వెళ్లిపోయాడు.

సరిగ్గా నాలుగింటికి పెద్దలు దిగారు. మెడకి మఫ్లరు చుట్టుకున్న ఆయన ఒకరు. నోటుబుక్కు పట్టుకున్న ఆవిడ ఒకరు. హోటళ్ల సంఘం అధ్యక్షుడు ఒకరు. మిగతా ఇద్దరూ ఈ ముగ్గురూ ఏమంటే అదే అనేవాళ్లు. మాస్టరమ్మ మరిది యాభై దాటినవాడు, అక్కడే కౌంటర్లో పనిచేస్తాడు. ఒక్కో రకం ట్రేలో తెచ్చిపెట్టడం, వాళ్లు ఊఁ అనగానే తీసుకుపోవడం, మళ్లీ తేవడం. అదీ ఆ పూటకి అతని ఉద్యోగం.

రుచి చూడడమంటే తాగడమనుకునేరు! అలా తాగితే పరువు పోతుంది. గ్లాసుని వెలుతురులో తిప్పాలి. ముక్కు దూర్చాలి. రెండు గుక్కలు నోట్లో పుక్కిలించి మింగాలి. మొహం చావుకబురు విన్నట్టు పెట్టాలి. మూడో గుక్క వేస్తే తీర్పు చెడిపోతుందట.

గోధుమ బీరు వచ్చింది. “పల్చన,” అన్నాడు మఫ్లరాయన.

నారింజ తొక్కలు వేసింది వచ్చింది. “కుర్రతనం,” అందావిడ.

కాఫీ రంగుది. “మాడింది.” పొగ వాసనది. “ఎవరింట్లోనో నిప్పంటుకుంది.” తేనె కలిపింది. “దగ్గుమందు!” మిగతా ఇద్దరూ తలలూపారు.

వారాల కష్టాన్ని రెండేసి గుక్కల్లో కొట్టిపారేస్తున్నారు. తలుపు సందులోంచి మాస్టరమ్మ అన్నీ వింటోంది. పళ్లు నూరుతోంది.

పదకొండోది కూడా అయ్యాక మరిది లోపలికి వచ్చాడు. గ్లాసుల ట్రే కిందపెట్టాడు.

“వదినా, ఒక్కటీ నచ్చలేదు వాళ్లకి. ఇప్పుడు పన్నెండోది అడుగుతున్నారు. వెనక గుమ్మంలోంచి జారుకుందామా?”

“జారుకోడానికి మనమేం తప్పు చేశాం? పది నిమిషాలు ఆగమను. అపురూపమైన సరుకు, తొందరపడి పొయ్యకూడదని చెప్పు.”

“నిజంగా ఉందా ఏంటి?”

“అన్నీ నీకే కావాలి. నువ్వు నవ్వకుండా పట్టుకెళ్లి పెట్టు చాలు.”

పదిహేను నిమిషాలకి ఐదు గ్లాసులు బల్లమీదికి వచ్చాయి. ముదురు రంగు. పైన నురగ లేదు.

మఫ్లరాయన రెండు గుక్కలు వేశాడు. కళ్లు మూసుకున్నాడు. మూడోది వేశాడు. అధ్యక్షుడు నాలుగోదీ వేశాడు. నోటుబుక్కావిడ గ్లాసు వంచి ఆఖరి బొట్టు దాకా తాగింది.

“ముందు నారింజ, ఆ వెనకే కాఫీ, అడుగున ఎక్కడో పొగ! ఎలా కుదిర్చారండీ ఇన్నీ?”

“నురగలూ ఆర్భాటాలూ లేవు, చూశారా. పెద్దమనిషి తరహా.”

“ఏమో గానీ, ఎప్పట్నించో ఎరిగిన మనిషిని కలిసినట్టుంది నాకైతే.”

మిగతా ఇద్దరికీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

అధ్యక్షుడు అక్కడికక్కడే కాగితం మీద సంతకం పెట్టాడు. శనివారానికి రెండు వేల లీటర్లు. అచ్చం అదే రుచి.

యజమాని వెనక గదిలోకి పరుగెత్తుకొచ్చాడు. “తల్లీ! నీ చేతిలో ఏముందో గానీ... పనిలోకి రావద్దన్న మాట మర్చిపో. మా వాణ్ని ఈ గది ఛాయలకి రానివ్వను. నీకేం కావాలో చెప్పు.”

“మాటలు కాదు, రాసివ్వండి. మిషను తాళం నా దగ్గరుండాలి. నన్ను తీసేస్తానన్న మాట మళ్లీ మీ నోట రాకూడదు.”

రాసిచ్చాడు. ఆమె రెండుసార్లు చదివి, మడిచి, జేబులో పెట్టుకుంది.

“ఇంక సరుకు చెప్పు. గోధుమలా? తేనా? రేపు పొద్దున్నకల్లా గుమ్మంలో దింపిస్తా.”

“అవేం వద్దు గానీ, శనివారం లోపల ఇలాంటి పెద్దల్ని ఓ మూడు వేలమందిని పోగుచేసి, అందరూ ఇవాళ్టిలాగే రెండేసి గుక్కలు తాగి మిగతాది గ్లాసుల్లోనే వదిలెయ్యాలని గట్టిగా చెప్పండి.”