నత్త పక్కన కునుకు

సముద్రంలో కలిసే ఏటిమొగలో కొంగైనా, నీటిపామైనా వేగంగా వచ్చి పట్టేవే. అందుకే అక్కడి నుంచి పగడాల దిబ్బకు కాపురం మార్చిన తల్లిచేప, కదలని తోడు వెతికి వెతికి, చుక్కల పెంకు నత్త పక్కన పిల్లను నిద్రపుచ్చింది.

ఇసుకలోంచి ఎండ్రకాయ తొంగిచూసింది. "అక్కడెందుకు పడుకోబెట్టావు వదినా? దాని నోట్లో విషపు ముల్లుంది!"

"నత్తే కదా వదినా! పొద్దుగూకేదాకా పాకినా జానెడు దాటదు."

అంతలో నత్త నోరు తొండంలా సాగింది. తల్లి పిల్లను ఒక్క తోపు తోసింది. ముల్లు ఇసుకలో దిగింది.

"తరమడం నాకు చేతకాదు. పక్కన పడుకున్నవాళ్ళనే తింటాను," అంది నత్త నింపాదిగా.

పిల్ల తల్లి వెనక్కి చేరి, "మరి ఇక్కడ దేనికి భయపడాలమ్మా?" అంది.

"నాకు తెలీదు తల్లీ," అంది తల్లి మొదటిసారి. "పద, ఎండ్రకాయ అత్తనడుగుదాం."