వదిలేసిన చరణం

నేరేడ్‌మెట్ భజన మందిరంలో ఆ రాత్రి నాకు శాలువా కప్పారు. కొత్త కీర్తనను స్వామే కలలోకి వచ్చి పాడించాడని అందరికీ చెప్పాను. నిజానికి అది మందిరం ఊడ్చే దేవమ్మ కట్టుకున్న పాట. ఆమె పోయి ఏడాదైంది. ఆఖరి చరణంలో ఆమె పేరుందని ఆ చరణాన్నే వదిలేశాను.

అందరూ వెళ్లాక తలుపు మూస్తుంటే లోపల చిడతలు మోగాయి. అదే కీర్తన నడక. దేవమ్మ కూర్చునే మూల ఖాళీగా ఉంది. ఇందాక నేను పాట ఆపిన చోటే చిడతలూ ఆగాయి.

"ఆఖరి చరణం మర్చిపోయినవ్ భానూ," అంది ఆమె గొంతు, ఎంతో ప్రేమగా. "ఏం గాదు బిడ్డా. నేనందిస్త, పాడు."

సిగ్గుతో శాలువాలో ముఖం దాచుకున్నాను.

చరణం శాలువా లోపలే, నా చెవి పక్కనే మొదలైంది.